ప్రింటర్ దగ్గర వరస

ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపర్ రాసి గట్టెక్కిన వాళ్ళెవరికైనా డైనోసార్ల బొమ్మలున్న అట్ట ఒకటి గుర్తుండే ఉంటుంది. సిల్బర్‌షాట్జ్, గాల్విన్ రాసిన పుస్తకం. మన కాలేజీల్లో దాన్ని ఒట్టి 'గాల్విన్' అంటారు, మొదటి పేరు పలకడం కష్టమని కాబోలు. అందులో షెడ్యూలింగ్ చాప్టర్లో ఒక పుకారు ఉంది. పుకారేనని రాసినవాళ్ళే చెప్పారు. 1973లో ఎం.ఐ.టి.లో ఐబీఎం 7094 యంత్రాన్ని ఆపేసినప్పుడు చూస్తే, 1967లో ఎవరో ఇచ్చిన తక్కువ ప్రాధాన్యం పని ఒకటి ఇంకా మొదలే కాకుండా వరసలో నిలబడి ఉందట.

పరీక్ష కోసం దీన్ని 'స్టార్వేషన్' అని బట్టీ పట్టాం. అంటే ఆకలితో మాడటం. రెండు మార్కుల ప్రశ్న. ఆ పని ఎవరిది, ఆరేళ్ళపాటు అతను ఎందుకు అడగలేదు, అడిగితే ఏం చెప్పారు అని మాత్రం ఎవరమూ అనుకోలేదు. నిజంగా జరిగిందో లేదో తెలియని ఆ కథ నాకు మాత్రం పాఠం కన్నా ఎక్కువ కాలం గుర్తుండిపోయింది. నలుగురు వాడుకునే యంత్రం దగ్గర వరస ఎలా మొదలైంది, ఆ వరసలో ఒకరిని ముందుకీ ఇంకొకరిని వెనక్కీ జరిపే అధికారం ఎవరి చేతికి వచ్చింది అన్నది వెతుక్కుంటూ పోతే, దారి నేరుగా ప్రింటర్ దగ్గరికి తీసుకెళ్ళింది.

ప్రింటరే ఎందుకంటే, ఆ గదిలో అన్నిటికన్నా నిదానమైనది అదే. 1959లో 1401 కంప్యూటర్‌తో పాటు ఐబీఎం తెచ్చిన 1403 ప్రింటర్ ఆ రోజుల్లో అద్భుతం. నిమిషానికి 600 లైన్లు, లైనుకి 132 అక్షరాలు. గొలుసు మీద అచ్చు అక్షరాలు గిర్రున తిరుగుతుంటే వెనక నుంచి చిన్న సుత్తులు కాగితాన్ని కొట్టేవి. 600 లైన్లంటే పేజీల్లో తొమ్మిదో పదో. అదే కాలపు పెద్ద యంత్రం సెకనుకి లక్షకి పైగా కూడికలు చేసేది. అలాంటి యంత్రం ఒక్కో లైను అచ్చయ్యేదాకా ఆగి చూడటమంటే, ఏనుగుని తెచ్చి గుమ్మానికి తోరణం కట్టించినట్టే. పైగా ఆ ఏనుగు అద్దె గంటల లెక్కన.

దానికి మొదట దొరికిన ఉపాయం చాలా మోటుది. పెద్ద యంత్రం తన ఫలితాలన్నీ అయస్కాంతపు టేపు మీద రాసేస్తుంది. ఒక మనిషి ఆ టేపు చుట్టని చేత్తో పట్టుకెళ్ళి పక్కనున్న 1401కి తగిలిస్తాడు. తీరిగ్గా అచ్చేసుకునే పని ఆ చిన్న యంత్రానిది. పెద్దది ఈలోగా తర్వాతి లెక్క మొదలుపెడుతుంది. ఈ ఏర్పాటులో వరస అంటే ఏమిటి? టేపులు మోసే మనిషే. ఏ టేపు ముందు తగిలిస్తే వాళ్ళ కాగితాలు ముందొస్తాయి.

తర్వాత ఈ చుట్టలు మోసే పనిని కూడా యంత్రానికే అప్పజెప్పారు. ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో టామ్ కిల్‌బర్న్ బృందం కట్టిన అట్లాస్ 1962 డిసెంబర్లో పనిలోకి వచ్చింది. లోపలికి వచ్చే పనుల్నీ బయటికి వెళ్ళాల్సిన అచ్చునీ నిలవ ఉంచే చోటుకి వాళ్ళు పెట్టుకున్న పేరు 'వెల్'. అంటే బావి. లెక్కలు చేసే భాగం ఫలితాల్ని బావిలో పోసి తన దారిన పోతుంది, ప్రింటర్ తన ఓపిక కొద్దీ తోడుకుంటుంది. నాకు ఈ మాట చాలా ఇష్టం. అది నిలవకుండా పోయింది. నిలిచిన మాట 'స్పూల్'. ఓ పొడుగాటి ఇంగ్లీషు పదబంధానికి ఇది పొట్టి రూపమని పుస్తకాల్లో రాస్తారు గానీ, ఆ విస్తరణని తర్వాత ఎవరో అతికించారేమోనన్న అనుమానం చాలామందికి ఉంది. మాటకి అసలు అర్థం మనకి తెలిసిందే: దారం చుట్టిన కండె. చేనేత ఇళ్ళలో ముందు కండెలు చుట్టి పెట్టుకుంటారు. మగ్గం మీద కూర్చున్న మనిషి దారం కోసం ఆగకూడదు, చుట్టేవాళ్ళు నేసేవాళ్ళ కోసం ఆగకూడదు. కంప్యూటర్ వాళ్ళకి కావలసిందీ సరిగ్గా అదే.

అయితే బావి తవ్వాక కొత్త చిక్కు వచ్చింది. ఒకేసారి పదిమంది అచ్చు అందులో పేరుకుంటుంది. ముందు ఎవరిది తోడాలి?

ఈ ప్రశ్నని తన పేరులోనే పెట్టుకున్న ప్రోగ్రామ్ ఒకటి ఉంది. హ్యూస్టన్‌లో అమెరికా అంతరిక్ష సంస్థ కేంద్రానికి పనిచేస్తున్న ఐబీఎం ఉద్యోగులు టామ్ సింప్సన్, బాబ్ క్రాబ్‌ట్రీ 1960ల నడుమ దాన్ని రాశారు. 1964లో ఐబీఎం గొప్పగా ప్రకటించిన సిస్టమ్ 360కి కంపెనీ ఇచ్చిన సొంత ఏర్పాటు సరిగ్గా నడవక, అక్కడికక్కడ అవసరం కొద్దీ పుట్టిన ప్రోగ్రామ్ ఇది. పేరు 'హ్యూస్టన్ ఆటోమేటిక్ స్పూలింగ్ ప్రయారిటీ'. పొట్టిగా హాస్ప్. కంపెనీ పెద్దలు తయారు చేయించింది కాదు గానీ, వాడినవాళ్ళ నోట ఊరూరా పాకింది. 1970లలో అదే జెస్2 అయ్యి, ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌ల మీద ఈ రోజుకీ నడుస్తోంది.

'హాస్ప్' అనగానే ఈపాటికి కొంతమంది పాఠకులు కుర్చీలో సర్దుకుని ఉంటారు. అమీర్‌పేటలో మెయిన్‌ఫ్రేమ్ కోర్సు చేసి, ఏ బ్యాంకు ప్రాజెక్టులోనో రాత్రి షిఫ్టులు చేసినవాళ్ళకి ఆ అక్షరాలు కలలోకి కూడా వస్తాయి. పని మొదలైతే డాలర్ హాస్ప్ 373, ముగిస్తే డాలర్ హాస్ప్ 395. ప్రతి సందేశం ముందూ ఆ ముద్రే. అరవై ఏళ్ళ కిందట హ్యూస్టన్‌లో ఇద్దరు పెట్టిన పేరు, ఈ రాత్రి మాదాపూర్‌లో ఎవరి తెర మీదో కదులుతూనే ఉంటుంది. అందులో చివరి అక్షరం ప్రయారిటీ అని ఆ కోర్సుల్లో ఎవరైనా చెప్పారో లేదో మరి.

హాస్ప్ పద్ధతిలో నాకు నచ్చిన సంగతి ఇది. పని ఇచ్చేవాళ్ళు తమ కార్డు మీద ముందే ఒక అంచనా రాయాలి: ఎంత సేపు పడుతుంది, ఎన్ని లైన్లు అచ్చవుతాయి. అంచనా చిన్నదైతే ప్రాధాన్యం ఎక్కువ. ఎందుకో చిన్న లెక్కతో తేలిపోతుంది. నిమిషానికి పది పేజీలు వేసే ప్రింటర్ ఉందనుకుందాం. ముందుగా 300 పేజీల థీసిస్ వచ్చింది, వెనకే 20 పేజీల రిపోర్టు, దాని వెనక 10 పేజీల నోట్సు. వచ్చిన వరసలో వేస్తే థీసిస్ వెంటనే మొదలవుతుంది, రిపోర్టు మనిషి 30 నిమిషాలు, నోట్సు మనిషి 32 నిమిషాలు కాచుకోవాలి. సగటున 20 నిమిషాల పైమాటే. చిన్నవి ముందు వేస్తే? నోట్సు వెంటనే, రిపోర్టు ఒక నిమిషానికి, థీసిస్ మూడు నిమిషాలకి మొదలవుతాయి. సగటు నిమిషంన్నర కూడా లేదు. థీసిస్ మనిషికి పోయింది మూడంటే మూడు నిమిషాలు.

మరి అందరూ చిన్న అంచనా రాసేస్తేనో? రాశారు, రాయకుండా ఎందుకుంటారు! మనుషులే కదా. దానికీ విరుగుడు ఉంది. చెప్పిన లైన్లు దాటగానే 'అంచనా మించిపోయింది' అని ఆపరేటర్ తెర మీద సందేశం వస్తుంది. ఆ సెంటర్ నియమాన్ని బట్టి పని అక్కడికక్కడ ఆగిపోనూ వచ్చు. అబద్ధం ఆడొచ్చు గానీ, పేజీలే సాక్ష్యం చెబుతాయన్నమాట.

ఇక మన గాల్విన్ పుకార్లోని అభాగ్యుడి సంగతి. చిన్న పనులు వస్తూనే ఉంటే పెద్దది ఎప్పటికీ కదలదు. జెస్2లో దీనికి ఒక అమరిక ఉంది. కాచుకున్న పనికి రోజుకి ఇన్నిసార్లు అని ఒక్కో మెట్టు ప్రాధాన్యం పెంచుకుంటూ పోవచ్చు. మెట్లు 0 నుంచి 15 దాకా. ఇంగ్లీషులో దీన్ని 'ఏజింగ్' అంటారు. వయసు మీద పడేకొద్దీ గౌరవం పెరగడం మనకి కొత్త విషయమేం కాదు, బంతిలో పెద్దవాళ్ళకి ముందు వడ్డిస్తాం. తమాషా ఏమిటంటే, యంత్రం దగ్గర అది తనంతట తాను జరగదు. పెంచమని ఎవరో ఒక అంకె రాసి పెట్టాలి. రాయకపోతే పెరగదు.

ఇదంతా ఒక గదిలో కార్డులు ఇచ్చి వెళ్ళిపోయే కాలం కథ. 1961 నవంబర్‌లో ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కోర్బటో 'టైమ్ షేరింగ్' చూపించాక మనుషులే టెర్మినళ్ళ ముందు కూర్చోవడం మొదలైంది. కోర్బటో బృందం పెట్టిన సూత్రం కూడా ఇంచుమించు ఇదే: ఎక్కువ సేపు తిన్న ప్రోగ్రామ్ కిందికి జారుతుంది, చిన్నగా పలకరించి పోయేది పైనే ఉంటుంది. ఎవరి ప్రోగ్రామ్ అని అడగలేదు. ఎంత పెద్దది అని మాత్రమే అడిగింది.

'ఎవరిది' అన్న ప్రశ్న యూనిక్స్‌తో బాగా పైకి వచ్చింది.

యూనిక్స్ పుట్టుక చాలామందికి తెలిసిందే గానీ, దానికి మొదటి అసలు వాడకందార్లు బెల్ ల్యాబ్స్ పేటెంట్ విభాగంలోని టైపిస్టులు అన్నది అంతగా చెప్పుకోరు. 1971లో పీడీపీ-11 యంత్రం మీద పేటెంట్ దరఖాస్తులు టైపు చేసి, వరస నంబర్లతో పేజీలు తీయడం వాళ్ళ పని. అంటే యూనిక్స్ తన తిండి తాను సంపాదించుకున్నది కాగితాలు అచ్చేసే! ఆ యూనిక్స్‌లోనే 'నైస్' అని ఒక కమాండ్ ఉంది. నా ప్రోగ్రామ్ నిదానంగా నడిచినా ఫర్వాలేదు, మిగతావాళ్ళని పోనివ్వు అని చెప్పడం. మంచి మనిషివై ఉండు అన్న అర్థంలోనే ఆ పేరు. మామూలు మనిషి తన స్థానాన్ని తగ్గించుకోగలడు, పెంచుకోలేడు. పెంచే అధికారం రూట్‌కి, అంటే అడ్మినిస్ట్రేటర్‌కి. వినయం అందరికీ, వరం ఒక్కడికే.

ప్రింటర్ విషయంలో యూనిక్స్ కుటుంబం రెండుగా చీలింది. ఒకటి బర్క్‌లీ, రెండోది ఏటీ అండ్ టీ. నా దృష్టిలో ఈ చీలికే కథకి ఆయువుపట్టు.

బర్క్‌లీ వాళ్ళ ఏర్పాటులో మెట్లు లేవు. ముందొచ్చినవాడిది ముందు, అంతే. ఎల్‌పీక్యూ అని కొడితే వరస మొత్తం ఎవరికైనా కనపడుతుంది: స్థానం, మనిషి పేరు, పని నంబరు, ఫైలు పేరు, సైజు. నడుస్తున్నదానికి ఎదురుగా 'యాక్టివ్', తర్వాతవాటికి ఫస్ట్, సెకండ్, థర్డ్. ఎవరు ఎన్ని పేజీలు వేసుకుంటున్నారో చుట్టుపక్కల వాళ్ళందరికీ తెలిసిపోయేది. ఫైలు పేరు 'రెజ్యూమే' అయితే ఆ మనిషి ఉద్యోగం మారబోతున్న సంగతి కూడా. వరసని కదపడానికి ఒకే ఒక్క మాట ఉంది, 'టాప్‌క్యూ'. అడ్మినిస్ట్రేటర్ దాన్ని కొట్టి పని నంబరో మనిషి పేరో ఇస్తే, అది నేరుగా అందరికన్నా పైకి పోతుంది. కారణం రాయక్కర్లేదు.

ఏటీ అండ్ టీ వాళ్ళది దస్తరం పద్ధతి. 1980ల చివర్లో సిస్టమ్ ఫైవ్ యూనిక్స్‌తో వచ్చిన ప్రింటింగ్ ఏర్పాటులో 40 మెట్లు. 0 అన్నిటికన్నా పైన, 39 అట్టడుగున. 'ఎల్‌పీయూజర్స్' అనే కమాండ్‌తో అడ్మినిస్ట్రేటర్ ఒక్కొక్క మనిషికీ ఒక హద్దు రాసి పెట్టొచ్చు. ఫలానావాళ్ళు 5 దాకా అడగొచ్చు, ఫలానావాళ్ళు 30కి పైన అడగడానికి వీల్లేదు అని. పని పెద్దదా చిన్నదా అన్న ప్రశ్న ఇక్కడ లేదు. మనిషిది ఏ మెట్టు, అంతే. ఇది చదువుతున్నప్పుడు తిరుమల క్యూలైన్లు గుర్తుకు రాని తెలుగువాళ్ళు ఉంటారా! సర్వదర్శనం, 300 రూపాయల టికెట్టు, బ్రేక్ దర్శనం. దేవుడు ఒక్కడే, గర్భగుడి ద్వారం ఒక్కటే, కంపార్ట్‌మెంట్లు మాత్రం వేరు.

ఇందులోనే 'ఇమ్మీడియట్' అని ఇంకో తంతు ఉంది. ఏ మెట్టుతోనూ పనిలేకుండా వెంటనే వేసెయ్యమని అడ్మినిస్ట్రేటర్ ఆజ్ఞ. మరి రెండు పనులకి ఇమ్మీడియట్ ఇస్తే? చివర ఇచ్చినదే ముందు అచ్చవుతుంది. సిఫారసు ఉత్తరాలతో ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ళకి ఈ సూత్రం ఎవరూ వివరించక్కర్లేదు. నిన్నటి పెద్దమనిషి ఫోన్ కన్నా ఇవాళ్టి పెద్దమనిషి ఫోనుకే విలువ.

ఈ రెంటిలో ఏది మేలు? మెట్లు రాసి పెట్టడం కనీసం ఒక లిఖితమైన నియమం, అడిగితే చూపించొచ్చు అని కొందరంటారు. జీతాల చిట్టాలు నెలాఖరుకి అచ్చు కాకపోతే వందమందికి ఇబ్బంది, వాటిని ముందు వేయాల్సిందే కదా అంటారు. నిజమే. కానీ అక్కడ ముందుకి పోవాల్సింది జీతాల చిట్టా. అది వేసే మనిషి కాదు. అదే మనిషి మర్నాడు తన కూతురి శుభలేఖ నమూనా వేసుకున్నా అదే మెట్టు మీద పోతుంది. హాస్ప్ పనిని చూసి మెట్టు ఇచ్చింది, ఎల్‌పీయూజర్స్ మనిషిని చూసి. నా ఓటు హాస్ప్‌కే.

2000ల మొదట్లో నేను చదివిన చోట (పేరెందుకు) డిపార్ట్‌మెంట్ మొత్తానికి ఒకటే లేజర్ ప్రింటర్ ఉండేది. అప్పటి రెడ్‌హ్యాట్ లినక్స్‌లో ఎల్‌పీఆర్ఎన్‌జీ అనే ప్రింటింగ్ ఏర్పాటు వచ్చేది. అందులో మెట్లు ఇంగ్లీషు అక్షరాలు. ఏ అడుగున, జెడ్ పైన. బళ్ళో ఏ సెక్షన్‌లో పడితే గొప్ప అనుకుంటూ పెరిగినవాళ్ళం, ఇక్కడ అందరి పేర్ల పక్కనా ఏ అని చూసి మురిసిపోయాం. అది కింది మెట్టని తెలిశాక నవ్వుకున్నాం.

థీసిస్‌లు ఇవ్వాల్సిన ఆఖరి రోజు. మా క్లాసులో ఒకతను మధ్యాహ్నం నుంచి వరసలో ఉన్నాడు, ఎల్‌పీక్యూలో 'సెకండ్'. ఫస్ట్‌కి వస్తాడు, మళ్ళీ థర్డ్ అవుతాడు. పైన కొత్త పేరు చేరుతుంది. మూడోసారి కూడా అలాగే జరిగాక ల్యాబ్ చూసుకునే ఆయన దగ్గరికి వెళ్ళి అడిగాడు. "సార్ చెప్పారమ్మా, ముందు ఆయన పేపర్ వెయ్యాలి, కాన్ఫరెన్సుకి పోతున్నారంట" అన్నాడాయన. తలెత్తకుండా, కోపం లేకుండా. ఆయన చేతిలో ఉన్నది టాప్‌క్యూ. ఆయన మెడ మీద ఉన్నది ఇంకెవరి చెయ్యో. మావాడి కాగితాలు సాయంత్రం ఏడున్నరకి వచ్చాయి, బైండింగ్ షాపు ఎనిమిదింటికి మూసేశారు. మర్నాడు ఆలస్య రుసుము కట్టి ఇచ్చాడు. పెద్ద మొత్తమేం కాదు. కానీ ఆ నెల మెస్సు బిల్లు కోసం ఇంకొకరి దగ్గర చేబదులు తీసుకున్నాడని నాకు తెలుసు.

ఆ రోజు మాకు దక్కిన ఒకే ఒక్క భాగ్యం ఏమిటంటే, ఎల్‌పీక్యూ కనపడటం. స్థానం ఎప్పుడు మారిందో, పైకి ఎవరు చేరారో చూశాం కాబట్టే అడగగలిగాం. ఏడు దశాబ్దాల ఈ కథలో మెట్ల కన్నా కనపడటమే ముఖ్యమని నాకు తోస్తుంది. రిచర్డ్ స్టాల్‌మన్ కథ కూడా ఆ కోవలోదే. ఎం.ఐ.టి. ఏఐ ల్యాబ్‌లో పాత ప్రింటర్‌కి ఆయన ఒక చిన్న మార్పు చేశాడు. కాగితం ఇరుక్కుంటే, వరసలో కాచుకున్న వాళ్ళందరి తెర మీదా 'ప్రింటర్ ఇరుక్కుంది, పోయి చూడండి' అన్న కబురు వచ్చేది. అవసరం ఉన్నవాళ్ళే కాబట్టి ఎవరో ఒకరు లేచి వెళ్ళేవారు. 1980 ప్రాంతంలో జెరాక్స్ ఇచ్చిన కొత్త లేజర్ ప్రింటర్‌కి ఆ మార్పు చేద్దామంటే దాని సోర్స్ కోడ్ ఇవ్వలేదు. కార్నెగీ మెలన్‌లో, మన చిత్తూరు జిల్లా రాజ్ రెడ్డి గారు పనిచేసే ఆ విశ్వవిద్యాలయంలోనే, కోడ్ ఉన్న ఒకాయన్ని అడిగితే ఎవరికీ ఇవ్వనని మాటిచ్చానన్నాడు. 1983లో స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టు ప్రకటించడం వెనక ఈ చేదు ఉంది. శామ్ విలియమ్స్ రాసిన ఆయన జీవిత కథ ఈ ప్రింటర్‌తోనే మొదలవుతుంది.

ఇప్పుడు మన లినక్స్, మ్యాక్ యంత్రాల్లో ఉన్నది కప్స్. మైకేల్ స్వీట్ రాయగా 1999లో వచ్చింది, 2007లో యాపిల్ కొనుక్కుంది. అందులో మెట్లు 1 నుంచి 100 దాకా. ఈసారి 1 అడుగున, 100 పైన. సిస్టమ్ ఫైవ్‌కి సరిగ్గా తిరగేసి! ఏమీ చెప్పకపోతే ప్రతి పనికీ 50. మీ ల్యాప్‌టాప్ నుంచి ఇన్నేళ్ళుగా పోయిన ప్రతి కాగితమూ యాభై మెట్టు మీదే పోయి ఉంటుంది. ఇంటింటికీ ఒక ప్రింటర్ వచ్చాక, ఆఫీసుల్లో కార్డు తాకిస్తే గానీ కాగితం రాని యంత్రాలు వచ్చాక, ఆ అంకెతో ఎవరికీ పని పడటం లేదు.

వరస మాత్రం ఎక్కడికీ పోలేదు, యూనివర్సిటీ గేటు ఎదురుగా జిరాక్స్ సెంటర్‌కి మారింది. గోడ మీద వాట్సాప్ నంబరు అంటించి ఉంటుంది. అందరూ దానికే ఫైళ్ళు పంపుతారు. స్క్రీన్ కనిపించేది షాపతనికి ఒక్కడికే. మొన్న నేను వెళ్ళినప్పుడు ఒక పరిశోధక విద్యార్థి ఐదు కాపీల థీసిస్ పంపి, స్టూలు మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. "అన్నా, ఆధార్ ఒక్క పేజీయే" అంటూ ఒకావిడ వచ్చింది. షాపతను థీసిస్ ఆపి ఆధార్ వేసి ఇచ్చాడు. తర్వాత హాల్ టికెట్టు కుర్రాడు, తర్వాత ఎవరిదో రెండు పేజీల అఫిడవిట్. నాలుగో మనిషి వచ్చి "ఒక్కటే పేజీ" అనేసరికి షాపతను స్టూలు వైపు ఒకసారి చూశాడు. "ఆగమ్మా, ఈ తమ్ముడు పొద్దుట్నుంచీ కూర్చున్నాడు" అని థీసిస్ మళ్ళీ మొదలుపెట్టాడు.